ఫారం వెనకవైపు

మూడో తలుపూ తెరుచుకోలేదు. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది, తట్టగానే ఆగిపోయింది. ఫారాలక్క మళ్ళీ తట్టలేదు. ఫారాల కట్టను కుడిచంక నుంచి ఎడమచంకకి మార్చుకుని, వెనక నిలబడ్డ నలుగురు విద్యార్థులతో "ఏదో పని మీదున్నట్టున్నారు, పదండి," అంది. వాళ్ళు నమ్మినట్టే తలలూపారు. పెద్ద చదువులు చదివేవాళ్ళకి ఆమాత్రం మర్యాద ఉంటుంది.

యూనివర్సిటీ గోడని ఆనుకుని ఉన్న వీధి అది. గోడకి అవతల, సమాజశాస్త్ర విభాగంలో ఆమె అటెండరు. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఏటా కొత్త విద్యార్థులను వెంటబెట్టుకుని సర్వేకి ఇటు వస్తోంది. పుట్టింది ఈ వీధిలోనే కాబట్టి ఇక్కడ ఏ కుక్క ఉత్తినే అరుస్తుందో, ఏ కుక్క నిజంగా కరుస్తుందో ఆమెకి తెలుసు. ఇంట్లో ఎంతమంది, పైకప్పు దేనిది, నీళ్ళెక్కడివి అంటూ ఏటా అవే ప్రశ్నలు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు, వీధి మొత్తానికి ఆమె ఫారాలక్కే. ఈ నెలాఖరుకి ఉద్యోగం అయిపోతుంది. మోకాళ్ళు మాత్రం రెండేళ్ళ ముందే పదవీ విరమణ చేశాయి.

ఇన్నేళ్ళూ తలుపులు తెరిపించింది ఆమె మొహం కాదు, ఫారం వెనకవైపు. ఫారాలక్క చిన్నప్పుడు వాళ్ళమ్మ, ఇలాగే వచ్చిన ఒక విద్యార్థినిని అడిగింది: "ఇన్ని అడిగావు కదమ్మా, నేనొకటి అడగనా? పొయ్యి దగ్గర కూర్చుంటే నాకెందుకింత ఆయాసం?" ఆ పిల్ల తెల్లమొహం వేసి, ఫారం తిప్పి వెనక రాసుకుంది. వారం తిరక్కుండా వైద్య విభాగం నుంచి ఒకాయనను వెంటబెట్టుకొచ్చింది. ఆయన దగ్గరుండి పొయ్యికి పొగగొట్టం పెట్టించాడు.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఫారాలక్క దాన్నే పద్ధతి చేసుకుంది. ముందువైపు యూనివర్సిటీ అడుగుతుంది. వెనకవైపు ఇంటివాళ్ళు ఒకటి అడుగుతారు. అది తనే పెన్సిలుతో రాసుకుని విభాగంలో ఇస్తుంది. పాత ప్రొఫెసరు ఆ ప్రశ్నలను ఏ విభాగానివి ఆ విభాగానికి పంపేవారు. ఒక్కోసారి ఆలస్యంగా, ఒక్కోసారి ఎవరికీ అర్థంకాని భాషలో వచ్చేది గానీ, జవాబంటూ వచ్చేది. ఆయన వెళ్ళిపోయి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో ఒక్క జవాబూ రాలేదు. పెద్దవాళ్ళు, తీరిక ఉండదేమోలే అనుకుని ఆమె అడగలేదు.

నాలుగో ఇల్లు దర్జీ అన్నయ్యది. సొంత అన్న కాదు. మిగిలిపోయిన గుడ్డముక్కలతో ఆమెకి మొదటి గౌను కుట్టిచ్చినవాడు. తలుపు తెరిచే ఉంది. గోడల మీద మోకాలెత్తున తడి చార. కుట్టుమిషను నాలుగు ఇటుకల మీద ఎత్తుగా నిలబడి ఉంది. దాని బెల్టు తీసి చుట్ట చుట్టి పెట్టాడు, సూదులన్నీ ఒక గుడ్డకి గుచ్చాడు. మిషనుకి నూనె వేస్తున్నాడు కాబోలనుకుంది.

"నా ప్రశ్న ఏమైంది చెల్లెమ్మా?" తల ఎత్తకుండానే అడిగాడు. "మీ కొత్త గోడ లేచాక వాననీళ్ళు నా ఇంట్లోకే ఎందుకొస్తున్నాయని అడిగాను. మూడు వానాకాలాలు పోయాయి. మీకు ఏటేటా జవాబులు చెప్పాను కదా, నాకొక్కటి చెప్పలేరా?"

ఫారాలక్క కట్టలోంచి ఒక ఫారం తీసింది. "ఇవాళ తెస్తానన్నయ్యా. సాయంత్రం లోపల. నా మాట నమ్ము."

"నీ మీద నాకేం కోపం లేదులే. ఫారం అక్కడ పెట్టి వెళ్ళు."

కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకి. జవాబు తేకుండా మళ్ళీ ఈ గుమ్మం ఎక్కే మొహం తనకి లేదు.

విద్యార్థులను మిగతా ఇళ్ళకి పంపి, గోడ చుట్టూ తిరిగి విభాగానికి చేరేసరికి కాళ్ళు పీకేస్తున్నాయి. పాత ప్రొఫెసరు స్థానంలో వచ్చిన కొత్త మేడమ్ కుర్చీ చూపించింది గానీ ఆమె కూర్చోలేదు.

"మేడమ్, ఫారాల వెనక రాసినవి ఎవరికి పంపుతున్నారు?"

"వెనకా? వెనకేముందక్కా?"

మేడమ్ బీరువా తీసి అట్టలు వేసిన మూడు పెద్ద రిజిస్టర్లు బల్ల మీద పెట్టింది. "పాతవన్నీ చెదలు తినేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. అందుకే వచ్చినవి వచ్చినట్టు మందపు కాగితాల మీద అంటించేశాను. చూడండి, ఎంత నీటుగా ఉన్నాయో."

నిజంగానే నీటుగా ఉన్నాయి. ఒక్క మూల కూడా లేవలేదు. మూడేళ్ళ ప్రశ్నలు కాగితానికి మొహం ఆనించి, జిగురులో పడుకుని ఉన్నాయి.

ఫారాలక్కకి తల కొట్టేసినట్టయింది. "తప్పు నాదే మేడమ్. పాతాయనకి చెప్పక్కర్లేకుండానే తెలిసేది. మీకూ తెలుసనుకున్నాను."

మేడమ్ తనే గిన్నెలో నీళ్ళూ, ఒక పాత గుడ్డా తెచ్చి నేల మీద చతికిలబడింది. ఇద్దరూ ఒక్కో ఫారాన్నీ తడిపి, అంచు పట్టుకుని మెల్లగా లేపారు. పెన్సిలు రాత కావడంతో చెరిగిపోలేదు. మా పిల్లకి అక్షరాలు తారుమారుగా ఎందుకు కనబడుతున్నాయి? మీ ప్రయోగశాల వెనకున్న చెట్లెందుకు ఎండిపోయాయి? మీ లైబ్రరీలో కూర్చుని చదువుకోవాలంటే ఎవరినడగాలి? ఆఖరిది మేడమ్ రెండుసార్లు చదివింది.

"దీనికి నేనే చెప్పేదాన్ని కదక్కా," అంది.

దర్జీ ప్రశ్న దొరికేసరికి మూడు దాటింది. ఆ తడి కాగితంతోనే ఫారాలక్క ఇంజనీరింగ్ విభాగానికి వెళ్ళింది. అక్కడి లెక్చరరు దాన్ని చదివి, చెప్పులేసుకుని వెంటనే బయల్దేరాడు. ఆయన అంత తేలిగ్గా కదలడమే ఆమెని ఎక్కువ బాధపెట్టింది. వీధిలో గోడ మొదట్లో గొంతుక్కూర్చుని పుల్లతో మట్టి గీకాడు.

"నీళ్ళు పోవడానికి ఇక్కడ తూములు వదిలారమ్మా. కుక్కలు దూరుతున్నాయని మావాళ్ళే ఇటుకలతో మూసేసినట్టున్నారు. రేపు తీయించేస్తాను. అరగంట పని."

అరగంట పని. ఫారాలక్కకి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, చివరికి ఆ కోపం తన మీదకే తిరిగింది. అయినా జవాబు దొరికింది. కుంటుకుంటూ ఆయన్ని దర్జీ ఇంటికి తీసుకెళ్ళింది.

తలుపు తెరిచే ఉంది. మిషను లేదు. పొద్దున తలుపు తీయని మూడో ఇంటావిడ ఇప్పుడు గుమ్మంలోకి వచ్చింది.

"మధ్యాహ్నమే సామానంతా బండికెత్తించుకుని మేనల్లుడి దగ్గరికి వెళ్ళిపోయాడక్కా. మబ్బు పట్టింది కదా, ఇంకో వాన నా వల్ల కాదన్నాడు. నువ్వొచ్చేదాకా ఆగమన్నాను. 'పాపం, అది మళ్ళీ ఉత్త చేతులతో వస్తుంది, ఆ మొహం నేను చూడలేను' అన్నాడు."

లెక్చరరు గుమ్మం బయటే ఉండిపోయాడు. ఫారాలక్క గోడ పట్టుకుని లోపలికెళ్ళింది. అరచేతికి తడి తగిలింది. గది మధ్యలో మిషను కింది ఇటుకలు నాలుగూ అలాగే ఉన్నాయి. ఒకదాని కింద, ఎగిరిపోకుండా పెట్టిన ఫారం.

ఆమె ఇన్నేళ్ళూ తీసుకెళ్ళిన ఫారాల్లో ఒక్క గడీ వదలకుండా నింపింది ఇదేనేమో. ఇంట్లో ఎంతమంది: ప్రస్తుతం ఎవరూ లేరు. పైకప్పు: ఫరవాలేదు. నీళ్ళెక్కడివి: మీ గోడ దగ్గరివి. ఆమెకి నవ్వొచ్చింది, నవ్వుతుండగానే కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. అలవాటు కొద్దీ చెవి వెనకున్న పెన్సిలు తీసి, ఫారం తిప్పింది.

వెనకవైపు ఇటుక అంచు నుంచి అంటిన ఎర్రమట్టి గీత ఒకటి ఉంది, మిగతాదంతా ఖాళీ.