అలిగిన అణువు

చెప్పులు గుమ్మం బయట వదిలి, ఫ్యాను కట్టేసి, తలుపు చప్పుడు కాకుండా మూసుకోవడంతో ఆమె పని మొదలవుతుంది. ఆమె వాడే మైక్రోస్కోపుకు అద్దాలు లేవు, సూది ఉంది. బంగారు రేకును తాకీ తాకకుండా అది తడుముకుంటూ పోతుంటే, తెర మీద అణువులు ఒక్కొక్కటే బొమ్మ కడతాయి. పక్క గదిలో ఎవరైనా తుమ్మినా బొమ్మ చెదిరిపోతుంది. ఆఫీసంతా ఆమెను సూదమ్మ అంటారు, ముఖం మీదే.

ఆ రేకులో ఒక అణువు అలిగింది. వరసలో తన చోటు ఖాళీగా వదిలేసి ఎడంగా కూర్చుంది. ఆఫీసులో అందరూ తలా ఒక మాట చెప్పి బతిమాలి చూశారు. దాని పంతం సూదమ్మకు నచ్చింది. అందుకే, దాని వల్ల కొలతలు తప్పుతున్నాయి, సాయంత్రం రేకును బాగా వేడి చేసి చదును చేసెయ్యమని పై అధికారి చెప్పినప్పుడు ఆమె మనసు చివుక్కుమంది. వేడెక్కితే అణువులన్నీ కలగాపులగమై కొత్తగా సర్దుకుంటాయి. ఎవరు అలిగారో, ఎవరి చోటు ఏదో ఇక తెలియదు.

మధ్యాహ్నం మరిది వచ్చాడు. చెల్లెలు తనకు చెప్పకుండా ఇతన్ని పెళ్లి చేసుకున్నప్పటి నుంచీ అక్కాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు. తప్పు చేసింది అది, ముందు అదే పలకరించాలని సూదమ్మ భీష్మించుకుంది. రేపు పొద్దున చెల్లెలికి గుండె ఆపరేషన్ అని చెప్పి, అతను తెర వంక చూశాడు.

"అణువులు నిజంగా కనిపిస్తాయా వదినా?"

"కంటికి కనిపించవు. సూది తడిమి చెబుతుంది, మనం నమ్ముతాం. అది రమ్మందా నన్ను?"

"లేదు. అడగడానికి భయపడుతోంది."

"భయం తీరాకే అడగమను."

అతను తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా మూసి వెళ్లాడు. దాంతో ఆమెకు మరింత బాధేసింది.

సాయంత్రం, వేడి పెట్టే ముందు, ఆఖరుసారిగా సూదిని నడిపింది. గీత తర్వాత గీతగా బొమ్మ దిగింది. అలిగిన అణువు ఉన్నచోటు నుంచి పిసరంత కూడా కదల్లేదు. వరసే కదిలింది. ఈ చివర నుంచి ఆ చివర దాకా అణువులన్నీ జరిగి, ఆ ఖాళీ చోటును మోసుకెళ్లి దాని కిందికి చేర్చాయి.

"తీరిందన్నమాట అలక. ఇక వేడి అక్కర్లేదులెండి," అన్నాడు అధికారి, తన టీ తాగుతూ.

సూదమ్మ తలుపు ధడాలున వేసి బయటపడింది. ఆ చప్పుడుకు తెర మీద బొమ్మంతా వణికింది.

ఆసుపత్రిలో చెల్లెలు గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"నేను పిలవలేదుగా," అంది, తిరక్కుండానే.

"తెలుసు. కాస్త జరుగు."

చెల్లెలు జరిగింది.