నిదానంగా తల్లీ

అమెరికాలోని మెంఫిస్‌లో ఆ మధ్యాహ్నం వాన పడీ పడనట్టు పడుతోంది. స్టూడియోలోని గాజు గదిలో, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మోజెల్ ట్రెడ్‌వెల్ కళ్ళు మూసుకుని నిలబడింది. ఒకప్పుడు రేడియోలో ఆమె పాడిన సోల్ ప్రేమ పాట వస్తే వీధి వీధంతా పనులాపి వినేది. తర్వాత ఎన్ని ఏళ్ళు మూగగా గడిచాయో! ఇన్నాళ్ళకి మళ్ళీ ఓ ఆల్బం. పాటలన్నీ అయిపోయాయి, ఇదొక్కటే మిగిలింది.

ఇదేమో కొరకరాని కొయ్యై కూర్చుంది. "నది దాటి వస్తా" అన్న చోట గొంతు పైకెక్కాలి. అక్కడికి రాగానే పుటుక్కున తెగిపోతోంది.

"మిస్ మోజెల్," అన్నాడు ప్రొడ్యూసర్ డెరిక్ అద్దం అవతల్నుంచి, ఎంతో మర్యాదగా. "సాయంత్రానికి రాకపోతే ఆ ఒక్క ముక్కా ఎవరైనా చిన్నమ్మాయి చేత పాడించి అతికేద్దాం. ఎవరికీ తెలీదు."

ఎవరికీ తెలీదట! ఆమెకి ఒళ్ళు మండింది. "నాకు తెలుస్తుందిగా నాయనా!" అంది. పైకి గట్టిగానే అంది గానీ లోపల బిక్కచచ్చిపోయింది. తన పాటలో ఇంకొకరి గొంతా? అంతకంటే ఇంట్లో నోరు మూసుకుని కూర్చోవడం నయం.

అయినా ఈ గాజుపెట్టెలో ఎవరికని పాడాలి? చిన్నప్పుడు చర్చిలో గొంతు జీరపోతే బెంచీల్లోంచి ఎవరో ఒకరు "నిదానంగా తల్లీ" అనేవాళ్ళు. ఆ మాట ఆసరాతో పాట మళ్ళీ లేచేది. తర్వాత ప్రేమ పాటలు పాడుతోందని ఆ చర్చివాళ్ళే మూతి విరిచారు. రోషంకొద్దీ ఆమె మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

మోజెల్ హెడ్‌ఫోన్లు తీసి పక్కన పడేసింది. "ఫోనిటివ్వు డెరిక్," అంది. చర్చి పెద్దావిడ మదర్ ఐడెల్లా నంబరు ఇన్నేళ్ళయినా వేళ్ళకి గుర్తుంది.

కాసేపటికల్లా టోపీలు పెట్టుకుని, వేయించిన కోడీ, పీచ్ పళ్ళతో చేసిన కాబ్లర్ మిఠాయీ పట్టుకుని ఐడెల్లాతో పాటు చర్చి ముసలమ్మలు దిగారు. మోజెల్ మైకుని పెద్ద హాల్లోకి ఈడ్చుకొచ్చింది.

"ఒక్కటే మనవి. చిన్న చప్పుడు కూడా చెయ్యొద్దు," అన్నాడు డెరిక్. ఆ ముసలమ్మలకా చెప్పడం! ఐడెల్లా పెదాలు బిగించుకుని బుద్ధిగా కూర్చుంది.

పాట మొదలైంది. కిటికీలో వెలుతురు నీళ్ళలా కదులుతోంది, ఆర్గన్ ఎక్కడో అవతలి ఒడ్డున మోగుతున్నట్టుంది. ఆ చోటు వచ్చింది. గొంతు తెగింది. మోజెల్ తలొంచేసుకుంది.

"నిదానంగా తల్లీ," అంది ఐడెల్లా. ఆపుకోలేకపోయింది. అంతే, అందరూ అందుకున్నారు. "అవునమ్మా, నిదానంగా!"

మోజెల్ ఈసారి పైకి ఎక్కాలని చూడలేదు. కిందికి దిగింది, గుండెల్లోని గరగర దాకా దిగి "నది దాటి వస్తా" అంది. పైన ఖాళీగా ఉన్న ఆ చోటుని ముసలమ్మల వణుకు గొంతులు నింపేశాయి. ఆమెకి కాళ్ళు నేల మీద ఉన్నట్టే లేదు.

"అద్భుతం! మధ్యలో వీళ్ళన్న మాటలు తీసేసి శుభ్రం చేసేస్తాను," అన్నాడు డెరిక్.

"వాటి మీద చెయ్యేశావా, ఊరుకోను! అవీ పాటే," అంది మోజెల్. తర్వాత ఐడెల్లా వైపు తిరిగి చంటిపిల్లలా ఏడ్చేసింది. "ఇన్నేళ్ళూ ఎక్కడికి పోయారే మీరంతా?"

"మేమెక్కడికి పోతామే పిచ్చిదానా," అంది ఐడెల్లా, ఆమె కళ్ళు తుడుస్తూ. "నీ పక్క బెంచీలోనే ఉన్నాం. ఆదివారం రా, నీ చోటు ఖాళీగానే ఉంది."