ఖాళీ గడి కనపడకూడదు

ఫ్యాక్టరీ మేనేజరుకి చొక్కా మీద ముడతన్నా, పట్టికలో ఖాళీ గడన్నా ఒళ్ళుమంట. అందుకే ఆఫీసులో అందరూ ఆయన్ని ఇస్త్రీపెట్టె అంటారు, చాటుగానే లెండి.

హాజరు పేజీ తయారుచేసింది ఆయన కింద పనిచేసే అమ్మాయి. ఆ పేజీని పనివాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా ఫోన్లలో చూసుకుంటారు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర కార్డు గీయడం మరిచిపోయేవాళ్ళు బోలెడుమంది. డేటాబేసులో వాళ్ళు వెళ్ళిన సమయం ఉండదు, పేజీలోనూ ఆ గడి ఖాళీగానే కనపడేది.

"పళ్ళూడిన నోరులా ఉందమ్మా! ఖాళీ ఉన్నచోటల్లా డ్యూటీ దిగే టైము ఐదున్నర అని చూపించు" అన్నాడు ఇస్త్రీపెట్టె.

"వెళ్ళారో లేదో తెలీకుండా ఎలా సార్? అబద్ధమైపోతుంది."

"డేటా ముట్టుకోమన్నానా? పైకి చూపించడమేగా! చెప్పింది చెయ్యి."

చేసింది. నోరు మూసుకుని చేసింది. ఉద్యోగం నిలబడాలి మరి.

ఒకరోజు ఆరు దాటాక పెయింటు గోడౌను అంటుకుంది. ఆమె పరుగెత్తుకొచ్చేసరికి, అగ్నిమాపక అధికారి చేతిలోని ట్యాబులో అదే పేజీ.

"అందరూ ఐదున్నరకే వెళ్ళిపోయారు. లోపలికెళ్ళకండి, బయట్నుంచే నీళ్ళు కొట్టండి!" అని తన మనుషులకు కేకేస్తున్నాడు.

ఆమె అతనికి అడ్డంపడింది. ఆ గోడౌనులో పనిచేసేది సొంత అక్క మొగుడు.

"అది నిజం టైము కాదండీ! ఖాళీ గడుల్లో నేనే అలా పెట్టాను!"

"ఇంత స్పష్టంగా కనపడుతుంటే కాదంటావేంటమ్మా?"

అక్కడే నేలమీద చతికిలబడి, ల్యాప్‌టాప్ తెరిచి, తను రాసిన ఆ లైను చెరిపేసింది. గోడౌను వాళ్ళవి మూడు గడులు ఖాళీ అయ్యాయి. ఇద్దరు ఫోనెత్తి ఇంట్లోనే ఉన్నామన్నారు. మూడోది బావ ఫోను, మోగి మోగి ఆగిపోయింది. అప్పుడు వెళ్ళారు లోపలికి. అప్పుడు!

మోసుకొచ్చి గుడ్డ కప్పారు. మంట అంటలేదట, పొగకే పోయాడట. కాస్త ముందొచ్చుంటే దక్కేవాడేమో అన్నాడు మోసుకొచ్చినతను.

"ఇలాంటివి ముందే గట్టిగా చెప్పాలి కదమ్మా!" అన్నాడు ఇస్త్రీపెట్టె.

వాడి ముఖాన ఉమ్మెయ్యాలనిపించింది. ఉమ్మలేకపోయింది. ఆ లైను కొట్టిన వేళ్ళు తనవే కదా.

ఇంతలో అక్క ఫోను చేసింది.

"మీ బావ ఐదున్నరకే బయల్దేరాడని ఇందాకే చూశానే, ఇంకా రాలేదు. ఎవరితో కబుర్లేసుకుని కూర్చున్నాడో! కనపడితే నాలుగు చివాట్లు పెట్టి పంపవే."