దిగడం నేర్చుకోని ఇద్దరు

కొండ మీంచి కిందికి పరుగెత్తడం ఏం గొప్ప, అడుగు తీసి వేస్తే మిగతాది కొండే చూసుకుంటుంది అనుకునేవాళ్ళు ఒక్కసారి ఇరవై ఎనిమిదో కిలోమీటరు రాయి దగ్గరికి వచ్చి చూడాలి. టైలరమ్మ అక్కడికి చేరేసరికి ఆమె తొడలు రెండూ మాట వినడం మానేశాయి. అడుగు పడినప్పుడల్లా మోకాలు మడతపడిపోతోంది. బూటు కొసకి తగిలీ తగిలీ బొటనవేళ్ళ గోళ్ళు నల్లబడి ఉంటాయని చూడకుండానే తెలుస్తోంది. రోడ్డు కిందికి లాగుతుంటే ఆగలేదు, పరుగెత్తలేదు. ఏడుపొక్కటే తక్కువ.

ఊపిరి మాత్రం నిక్షేపంగా ఉంది. అది మొగుడి చలవే.

ఆమె మొగుడు లిఫ్టు మెకానిక్కు. వాళ్ళుండేది పద్నాలుగు అంతస్తుల భవనంలో, మూడో అంతస్తులో. ఆ భవనం లిఫ్టు బాగోగులు కూడా అతనివే. ఏడాది పాటు ఇద్దరూ రోజూ పొద్దున్నే కింది నుంచి పద్నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కారు, ఒకసారి కాదు, ఎనిమిదేసి సార్లు. పైకి చేరగానే అతను లిఫ్టు తలుపు పట్టుకుని “దయచేయండి టైలరమ్మగారూ” అనేవాడు. దిగడం మాత్రం లిఫ్టులోనే. లేకపోతే మోకాళ్ళు అరిగిపోతాయట.

“దిగడానికి కూడా ప్రాక్టీసేంటే? సిమెంటు బస్తా కూడా దిగుతుంది” అని దబాయించేవాడు.

పేర్లిచ్చింది మొదటి నుంచి చివరి దాకా దిగుడే ఉండే పరుగుకి అన్న సంగతి ఇద్దరిలో ఒక్కరి బుర్రకీ తట్టలేదు. లిఫ్టు మెకానిక్కూ అతని పెళ్ళామూ తప్ప లోకంలో ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది.

ఆ లిఫ్టుకి ఒక జబ్బుండేది. కిందికి దిగేటప్పుడు ఎవరూ నొక్కకపోయినా పదకొండో అంతస్తులో ఆగి, తలుపు తెరిచి, ఖాళీ వరండా చూపించి, మళ్ళీ మూసుకునేది. “ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేస్తారు, సొంత లిఫ్టు దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తారేం?” అని ఆమె దెప్పితే, “పార్టు రావాలి” అనేవాడు. ఆ పార్టు రెండేళ్ళుగా వస్తూనే ఉంది. ఇద్దరూ తలుపు వైపు తిరిగి పక్కపక్కన నిలబడేవాళ్ళు. ఆ నలభై సెకన్లూ అతను జోకులేసేవాడు, ఆమె నవ్వేది. మూడో అంతస్తులో దిగి ఇంట్లోకి అడుగుపెట్టారో, ఇద్దరికీ నోళ్ళు పడిపోయేవి.

రెండేళ్ళ క్రితం వాళ్ళకో పాప పుట్టింది. నెలలు నిండకుండానే పుట్టింది. ఆపరేషను తర్వాత తెలివొచ్చి కళ్ళు తెరిచింది మొదలు, టైలరమ్మకి ఆ పాపని చూసుకునే భాగ్యం పది రోజులే దక్కింది. పేరు కూడా పెట్టలేదు. ఆ తర్వాత మొగుడు పాప మాట ఒక్కసారైనా ఎత్తలేదు. ఆమె ఎత్తితే పనిముట్ల సంచి భుజాన వేసుకుని బయటికి పోయేవాడు. పాప కోసం అరచేతిలో పట్టే గౌన్లు నాలుగు కుట్టుకున్న మనిషికి, వాటి గురించి మాట్లాడే దిక్కు లేకపోయింది. గొడవల్లేవు, కేకల్లేవు. నాలుగు నెలల క్రితం అతను కంపెనీ గోడౌను పక్కన గది తీసుకుని వెళ్ళిపోయాడు. విడాకుల కాగితాల మీద సంతకాలు రేపు పదిన్నరకి, లాయరు ఆఫీసులో.

అందుకే ఆమె ఈ పరుగుకి వచ్చింది. ఈ నలభై రెండు కిలోమీటర్లలో అతను పాప గురించి ఒక్క మాట, ఒకే ఒక్క మాట అంటే రేపు సంతకం పెట్టదు. అలా అని తనకి తనే ఒట్టు పెట్టుకుంది. కలిసి పేర్లిచ్చారు కాబట్టి నంబర్లు వరసగా వచ్చాయి, కొండ మీద బయల్దేరే చోట పక్కపక్కనే నిలబడాల్సి వచ్చింది. అతను ఆమె కాళ్ళ వైపు చూసి “లేసు బిగించుకో” అన్నాడు. అంతే. ఈల మోగగానే ముందుకు వెళ్ళిపోయాడు.

ముప్పై ఒకటో కిలోమీటరు రాయి మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో తొడలు పట్టుకున్నాడు. ఆమె దగ్గరికొచ్చి ఆగింది.

“ఏమైంది?”

“తొడలు.”

“నావీ అంతే.”

ఒకరి కాళ్ళు ఒకరు చూసుకున్నారు. నవ్వు ముందు ఎవరికొచ్చిందో గానీ ఇద్దరూ నవ్వారు. “దిగడానికి ప్రాక్టీసేంటే అన్న మహానుభావుడెవరో” అంది ఆమె.

“సిమెంటు బస్తా దిగుతుందన్నాను. మధ్యలో కూర్చోదని అన్నానా?”

పోస్టుమ్యానుగా రిటైరైన ఒక పెద్దాయన వాళ్ళని దాటిపోతూ ఆగాడు. ఏటా వచ్చే మనిషట. వాళ్ళ వాలకం చూసి తల పట్టుకున్నాడు. “మొగుడూపెళ్ళాలిద్దరూ ఎక్కడం ఒక్కటే నేర్చుకున్నట్టున్నారు. తొడల్లో ముందు కండరం పోయిందర్రా. వెనక్కి తిరిగి దిగండి, వెనక కండరం ఇంకా మిగిలుంటుంది.” చెప్పాల్సింది చెప్పి, చేతులు ఊపుకుంటూ మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.

ఇద్దరూ వెనక్కి తిరిగారు. నిజంగానే నొప్పి సగం తగ్గింది. వచ్చిన రోడ్డుకేసి చూస్తూ, పక్కపక్కన, మెల్లగా వెనకడుగులు వేసుకుంటూ దిగసాగారు. పడిపోకుండా ఆమె అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. మధ్యమధ్యలో అతను భుజం మీంచి వెనక్కి చూసి “గొయ్యి” అనో “మలుపు” అనో చెబుతున్నాడు. అచ్చం లిఫ్టులో నిలబడినట్టే ఉంది. పక్కన మనిషున్నాడు, మొహం చూడక్కర్లేదు. చాలాసేపు అలాగే నడిచారు.

“ఆ లిఫ్టుకి జబ్బేం లేదు” అన్నాడతను ఉన్నట్టుండి.

“ఏ లిఫ్టుకి?”

“మనదానికే. పదకొండులో ఆగేలా నేనే పెట్టాను.”

“ఎందుకు?”

“పాప పదకొండు రోజులుంది కదా.”

ఆమె కాళ్ళు ఆగిపోయాయి. “పది” అంది.

“పదకొండు. మొదటి రోజు నీకు తెలివి లేదు. నేనొక్కణ్ణే ఉన్నాను.” అతను రోడ్డు వైపే చూస్తున్నాడు. “అద్దాల పెట్టెలోకి చెయ్యి పెట్టనిచ్చారు. నా వేలు పట్టుకుంది. ఇంతుందా, ఎంత గట్టిగా పట్టుకుందో! నర్సు వచ్చి విడిపించాల్సొచ్చింది. నువ్వు చూడని రోజు ఒకటుందని తెలిస్తే నువ్వు తట్టుకోలేవనుకున్నాను. ఆ ఒక్కటీ దాచాలంటే అసలు దాని మాటే ఎత్తకూడదు. ఎత్తితే ఆగలేను.”

టైలరమ్మ రోడ్డు మధ్యలో నిలబడి బావురుమంది. ఎవరు చూస్తారన్న స్పృహ కూడా లేదు. పదకొండు రోజులు. రోజూ ఎనిమిది సార్లు ఆ ఖాళీ వరండా ముందు అతని పక్కనే నిలబడి, పార్టు ఎప్పుడొస్తుందని వెక్కిరించింది. తనకి కావాల్సిన మాట దొరికింది. ఒక్క మాట చాలనుకుంటే రెండేళ్ళ మాటలు దొరికాయి. ఆమె కళ్ళు తుడుచుకుని అతని చెయ్యి పట్టుకుంది.

“రేపు వెళ్ళొద్దు. ఇంటికి వచ్చెయ్యండి.”

అతను తల అడ్డంగా ఊపాడు.

“ఆ ఇంట్లో ఉండలేకపోతే ఇల్లు మారదాం.”

“ఇల్లు కాదే” అన్నాడు. “పాపకి నీ మొహమే వచ్చింది. ఆ గడ్డం, ఆ పెదవి మూల విరుపు, అన్నీ నీవే. నీ పక్కన ఎంతసేపైనా నిలబడతాను. ఎదురుగా కూర్చుని అన్నం తినమంటే నా వల్ల కావడం లేదు. ఇన్నాళ్ళూ చూశాను కదా. రోజూ నిన్ను చూసి తల తిప్పుకోవడం, అది నువ్వు చూడ్డం... లిఫ్టులో కాపురం చెయ్యలేం కదే.”

ఒట్టు పెట్టుకున్నప్పుడు ఈ మాట వస్తుందని ఊహించలేదు. అతని చెయ్యి వదిలి, మళ్ళీ చొక్కా చెయ్యే పట్టుకుంది. మిగిలిన దారంతా అతను గొయ్యి అంటే గొయ్యి తప్పించుకుంటూ, మలుపు అంటే మలుపు తిరుగుతూ దిగింది.

స్టేడియం దగ్గర రోడ్డు చదునైంది. అక్కడ ముందుకు తిరిగారు. మెడల్లో పతకాలు వేసిన అమ్మాయి “ఇద్దరూ నవ్వండి, ఫోటో” అంది. ఆమె అతని వైపు తిరగబోయి, తిరగలేదు. కెమెరా వైపే చూసింది.

మర్నాడు పదిన్నరకి ఇద్దరూ సంతకాలు పెట్టారు. అడుగడుక్కీ తొడలు నొక్కుకుంటూ మెట్లు దిగుతున్న ఆ ఇద్దర్నీ చూసి లాయరు గుమాస్తా, వీళ్ళు కొట్టుకున్నారేమో అనుకున్నాడు. కంపెనీ అడిగిన బదిలీకి అతను ఆ సాయంత్రమే ఒప్పుకున్నాడని ఆమెకి తర్వాత తెలిసింది.

గురువారం ఆమె కుట్టాల్సిన యూనిఫారాల మూట పట్టుకుని లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి, కొత్త మెకానిక్కు చేతులు తుడుచుకుంటూ బయటికి వస్తున్నాడు. హుషారైన మనిషి.

“దీనికి పదకొండులో ఆగే జబ్బు ఉండేది కదమ్మా, ఇవాళ వదిలించేశాను. పాతాయన ఎందుకు పట్టించుకోలేదో. పది నిమిషాల పని.”

ఆమె తలూపి లోపలికి వెళ్ళింది. మూడు నొక్కాల్సింది, పద్నాలుగు నొక్కింది. పైకి వెళ్ళింది. తలుపు తెరుచుకుని మూసుకుంది. కిందికి నొక్కింది. పదమూడు, పన్నెండు, పదకొండు, పది. లిఫ్టు ఆగలేదు. కొత్తాయన పనిమంతుడే.

కింద తలుపు తెరుచుకున్నా ఆమె దిగలేదు. మూట నేల మీద పెట్టి, మళ్ళీ పద్నాలుగు నొక్కింది. ఈసారి దిగేటప్పుడు తనే వేలు పెట్టి పదకొండు నొక్కింది. లిఫ్టు ఆగింది, తలుపు తెరుచుకుంది, ఖాళీ వరండా కనిపించింది. తలుపు మూసుకునే దాకా ఆమె పక్కన ఇంకొకరికి చోటు వదిలి నిలబడింది.