గోడకెక్కిన తడిక

మా అల్లుడు శివప్రసాద్ మంచివాడు కాదని ఎవరన్నా అంటే నేను ఊరుకోను. కానీ ఎదురుగా ఉన్న మనిషి ఇబ్బంది ఆ మంచివాడి కళ్ళకి ఎందుకు ఆనదో, అది మాత్రం నాకెవరైనా చెప్పాలి.

పరాయిదేశంలో, స్కోఫీల్డ్స్ అనే పేటలో వాళ్ళు కొత్తగా కట్టుకున్నది మేడ ఇల్లు. పడకగదులన్నీ పైన. నా మోకాళ్ళు మెట్లెక్కమని మొండికేశాయి. అందుకని కింద హాల్లో మంచం వేశారు. ఆ హాలుకి తలుపుల్లేవు. వీధి తలుపు తీస్తే నా మంచం, వంటింట్లోంచి చూస్తే నా మంచం, మెట్లు దిగితే నా మంచం. చీర మార్చుకోవాలంటే వాషింగ్ మెషీన్ పెట్టిన ఇరుకు గదిలో దూరాలి. అక్కడ మోచేతులు గోడలకి కొట్టుకుని కుచ్చిళ్ళు సగం జారిపోయేవి. అల్లుడింట్లో అత్త ఉండే తీరా ఇది? నాక్కావలసింది కాస్త చాటు, అంతే. నోరు తెరిచి అడగడానికి మొహమాటం.

ఇంతలో శివప్రసాద్ వేలంపాటలో పాత జపాను తెర ఒకటి కొనుక్కొచ్చాడు. మనిషెత్తు, ఆరు రెక్కలు. మడిస్తే ముడుచుకుంటుంది, విప్పి వంకరటింకరగా పెడితే నిలబడుతుంది. బంగారు రేకు అద్ది, దాని మీద కొంగలూ రెల్లుపొదలూ వేశారు. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. పాపం, చెప్పకుండానే కనిపెట్టాడని మురిసిపోయాను.

ఆ మురిపెం మధ్యాహ్నం దాకానే. ఇద్దరు మనుషులొచ్చి గోడకి కొక్కేలు కొట్టి, తెరని సాపుగా సాగదీసి, సరిగ్గా నా మంచం పైన తగిలించిపోయారు. పైగా దాని మీదికి లైట్లు!

"ఇదేం చోద్యమే, తడికని తీసుకెళ్ళి గోడకి కొట్టించాడు మీ ఆయన?" అన్నాను మా తన్మయితో.

"అమ్మా, తడిక అనకు! అది యాంటిక్. వాల్ ఆర్ట్. ఆయన ఫీలవుతారు."

"కాస్త దించి నా మంచానికి అడ్డంగా..."

"అస్సలు ముట్టుకోకు. చేతి చెమట తగిలితే గోల్డ్ పోతుందట."

నాకు ఒళ్ళు మండింది. ఆ ఇంట్లో కొంగలకున్న మర్యాద నాకు లేదు.

ఇక శనాదివారాలు వస్తే జనం. "నమస్తే ఆంటీ" అని నాకో మాట పడేసి, నా తల మీదుగా కొంగల్ని చూసేవారు. నేను పైట సర్దుకుని, కాళ్ళు ముడుచుకుని కూర్చునేదాన్ని. "అమ్మమ్మా, యూ లుక్ లైక్ మ్యూజియం సెక్యూరిటీ" అని మనవరాలు సాహిత్య ఒకటే నవ్వు.

ఓ శుక్రవారం అందరూ ఆఫీసులకీ స్కూలుకీ పోయారు. ఇల్లంతా నాదే కదా అన్న ధైర్యంతో తలంటుకుని, మంచం పక్కనే నిలబడి తీరిగ్గా చీర కట్టుకుంటున్నాను. కుచ్చిళ్ళు చేతిలో ఉండగా గరాజ్ తలుపు లేచింది. వెంటనే అల్లుడి గొంతు.

"రండి రండి, మధ్యాహ్నం ఎండ పడితే గోల్డ్ ఇంకా బావుంటుంది!"

వెనకాలే పెండిల్ హిల్‌లో ఉండే వాళ్ళ స్నేహితులు, రామ్మోహన్, అతని భార్య నీలిమ. పరిగెత్తే మోకాళ్ళా నావి? గభాల్న మంచమెక్కి, దుప్పటి ముసుగు తన్ని గురక మొదలుపెట్టాను.

"ఆంటీ పడుకున్నారు. తర్వాత వద్దామా?" అంది నీలిమ.

"పర్లేదండీ, అత్తయ్యగారిది మంచి నిద్ర."

ముగ్గురూ నా మంచం చుట్టూ చేరారు. లోపల నాకు చెమటలు పడుతున్నాయి. శివప్రసాద్ గుసగుసగా పాఠం మొదలుపెట్టాడు.

"అప్పట్లో వాళ్ళ ఇళ్ళల్లో ఒకటే పెద్ద హాలుండేదటండీ. ప్రైవసీ ఉండదు కదా. పెద్దవాళ్ళు పడుకోవాలన్నా, బట్టలు మార్చుకోవాలన్నా ఇది అడ్డం పెట్టేవారట. ఎంత థాట్‌ఫుల్ కల్చరో చూడండి!"

ఇక నా వల్ల కాలేదు. గురక ఆపేశాను.

"మరి గోడకెందుకు కొట్టించారు బాబూ?" అన్నాను దుప్పట్లోంచే.



"అత్తయ్యగారూ... మీరు మెలకువగానే ఉన్నారా?"

"ఉన్నాను. లేవడానికే లేదు. ఒంటి మీద చీర సగమే ఉంది. మీరన్న ఆ పెద్దవాళ్ళలో నేనూ ఒకదాన్ని. వచ్చిన దగ్గర్నుంచీ వాషింగ్ మెషీన్ పక్కన బట్టలు మార్చుకుంటున్నాను."

అనేశాక తెలిసొచ్చింది. అల్లుడి మీద నోరు చేసుకున్నాను, అదీ పరాయివాళ్ళ ముందు. నీలిమకి ముందు నవ్వొచ్చింది, అంతలోనే ఆపుకుంది.

"శివప్రసాద్ గారూ, ఆ పక్క పట్టుకోండి. రామ్మోహన్, నువ్వీ పక్క. ఇద్దరూ గోడనే చూడండి, తెలిసిందా?"

"ఒక్క నిమిషం, గ్లోవ్స్" అంటూ పైకి పరిగెత్తాడు మా అల్లుడు. ఆ పరిస్థితిలో కూడా!

మొత్తానికి కొక్కేల మీంచి ఎత్తి, నా మంచం చుట్టూ మలుపులు తిప్పి నిలబెట్టారు. ఆ చాటున లేచి నిలబడి, మోచేతులు బారుగా చాచుకుని కుచ్చిళ్ళు పెట్టుకున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

సాయంత్రం తన్మయి వచ్చి, "గోడ బోసిపోయింది" అని మూతి ముడుచుకుంది. శివప్రసాద్ మాత్రం తిన్నగా మెట్లెక్కి పైకి పోయాడు. నా వైపు చూడలేదు కూడా. కోపమొచ్చిందనుకున్నాను. రేపు మళ్ళీ దాన్ని గోడకెక్కించేస్తే, ఇక ఏ మొహం పెట్టుకుని ఆ ఇంట్లో ఉండను?

మర్నాడు పొద్దున తెర అవతల అడుగుల చప్పుడు వచ్చి ఆగింది. కాఫీ వాసన తగిలింది. తట్టడానికి తలుపు లేదు. బంగారు రేకు మీద వేలు వెయ్యడానికి అతనికి ప్రాణం ఒప్పదు. కాసేపు తచ్చాడి, నోటితోనే అన్నాడు.

"టక్ టక్... అత్తయ్యగారూ, లోపలికి రావచ్చాండీ?"

ఆ ఇంట్లో అడుగుపెట్టాక నన్నా మాట ఎవరూ అడగలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా స్నానం అయిపోయింది, చీర కట్టుకోవడం అయిపోయింది, చెయ్యాల్సిన పనంటూ ఏదీ లేదు.

"ఇప్పుడే వద్దు బాబూ, కాసేపాగి రండి" అన్నాను, మంచం మీద కాళ్ళు బారచాపుకుని.