రెండో గొంతు

ఇదంతా మా అత్తగారి ఘనకార్యం. నా కవలలకు ఇంకా మూడేళ్ళు నిండలేదు. ఇంటికెవరొచ్చినా బుజ్జి "రండి" అనాలి, వెంటనే చంటిగాడు "కూర్చోండి" అనాలి. అలా వంతులేసి నేర్పారావిడ. వాడి మాట వినపడేదాకా బుజ్జి ఎవర్నీ కూర్చోనివ్వదు. చూసినవాళ్ళు నవ్వి చచ్చేవారు.

ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు ఓనరుగారు ఒకటే షరతు పెట్టారు: ఒక్క బిడ్డకు మించి ఉండకూడదు. కాళ్ళరిగేలా తిరిగినా ఇంకో ఇల్లు దొరక్క, మాకు పాప ఒక్కతే అని చెప్పేశాం. ఆయనుండేది వేరే పేటలో కాబట్టి ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాం. ఆ ఆదివారం కుళాయి చూస్తానంటూ చెప్పాపెట్టకుండా దిగారు. గేటు దగ్గర గొంతు వినగానే మా ఆయన చంటిగాణ్ణి చంకనేసుకుని పడగ్గదిలో దూరి గడియ పెట్టుకున్నారు.

"రండి," అంది బుజ్జి.

ఆయన కుర్చీ లాగబోతే అడ్డం నిలబడింది. "రండి," అంది మళ్ళీ, పడగ్గది వైపు చూస్తూ.

నా పైప్రాణాలు పైనే పోయాయి. "కూర్చోండి బాబాయిగారూ," అన్నాను నేనే. బుజ్జి నన్ను కోపంగా చూసింది. ఆ వంతు నాది కాదు మరి.

"రండి," అని గట్టిగా అరిచింది.

"కూచోండి," అని గదిలోంచి వినిపించింది.

ఆయన తల తిప్పారు. "లోపల ఎవరమ్మా?"

"పక్కింటి బాబండీ. ఆడుకోడానికొచ్చాడు."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. అది బాగానే అతికింది. ఆయన తలూపి కూర్చున్నారు. గండం గడిచిందనుకున్నాను.

"మన చంటి," అంది బుజ్జి, నా చెయ్యి గుంజుతూ.

"కాదమ్మా. పక్కింటి బాబు."

మూలన కూర్చున్న మా అత్తగారు తల దించుకున్నారు. బుజ్జి నా చెయ్యి వదిలేసింది. వెళ్ళి తలుపును అరచేతులతో బాదుతూ ఏడుపు లంకించుకుంది. లోపల వాడూ అందుకున్నాడు.

నాలుగు గోడల కోసం కన్నకొడుకునే కాదన్నానా అని నా మీద నాకే ఒళ్ళు మండిపోయింది. మా ఆయన్ని గడియ తియ్యమన్నాను. వాణ్ణి ఎత్తుకొచ్చి ఓనరుగారి ముందు నిలబడ్డాను.

"వీడు నా కొడుకండీ. ఇద్దరూ ఒకే కాన్పు. మీకు అబద్ధం చెప్పాం."

ఆయన పిల్లలిద్దర్నీ మార్చి మార్చి చూశారు. "నెలాఖరుకు ఖాళీ చేసెయ్యండమ్మా," అని లేచారు.

"చేస్తామండీ," అన్నాను.

మర్నాడు పిల్లలిద్దర్నీ వెంటేసుకునే ఇళ్ళ వేటకు బయల్దేరాను. మొదటి ఇంటావిడ తలుపు సగమే తీసింది. "ఇద్దరూ మీవాళ్ళేనా?"

"ఇద్దరూ నావాళ్ళేనండీ," అన్నాను, ఆవిడ మొహం మాడటం కనిపిస్తూనే ఉన్నా.