స్వాగతం కాదు, రాళ్లు

కొత్త టెర్మినల్ గోడ మీద పెట్టడానికి మా చిన్న విమానాశ్రయం చరిత్ర రాసే పని నాకు అప్పజెప్పారు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే, ఉద్యోగమూ ఆ విమానాశ్రయంలోనే. అమ్మమ్మ ఈ సంగతి ఇల్లిల్లూ తిరిగి చెప్పుకొచ్చింది.

ఉన్నదే రాశాను. రన్‌వే మొదట్లో ఉత్త మట్టి. రాళ్లు ఎగిరి విమానానికి తగులుతాయని, అది దిగేముందు ప్రతిసారీ ఆడవాళ్లు వరుసగా నడుస్తూ రాళ్లు ఏరేవాళ్లు. తర్వాత తారు పడింది, సముద్రం ఒడ్డున హోటళ్లు లేచాయి, వారానికోసారి వచ్చే విమానం రోజూ రాసాగింది. రాళ్లేరేవాళ్లను ఇక రావద్దన్నారు. వాళ్లలో మా అమ్మమ్మ ఒకతి. వాళ్లు రాళ్లేరుతున్న అప్పటి ఫొటో కూడా వెతికి ఇచ్చాను.

ప్రారంభానికి ముందురోజు గోడ చూశాక నాకు ఒళ్లు మండిపోయింది. నేను రాసింది ఒక్క ముక్క లేదు. ఫొటోను మాత్రం గోడంత చేశారు. కింద పెద్దక్షరాలు: "తొలి విమానానికి వంగి స్వాగతం పలుకుతున్న స్థానిక మహిళలు."

మేనేజర్ గదిలోకి దూసుకెళ్లాను. "సార్, వాళ్లు రాళ్లేరుతున్నారు!"

"తెలుసమ్మా, నువ్వే రాశావుగా. సెలవులకొచ్చేవాళ్లకి రాళ్ల గొడవెందుకు? స్వాగతమంటే బావుంటుంది."

"అందులో మా అమ్మమ్మ ఉంది సార్. రేపు వస్తోంది."

"ఇంకేం! గోడంత బొమ్మ చూసుకుని మురిసిపోతుంది."

మర్నాడు అమ్మమ్మ తనతో రాళ్లేరిన ఒకావిణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చింది. ఇద్దరికీ చదువు రాదు.

"అదిగోనే నువ్వు! అప్పుడూ వంకర నడకే," అని నవ్వింది రెండో ఆవిడ.

"నోర్ముయ్యవే. ఏం రాశావే అమ్మడూ, చదువు."

పక్కనే మేనేజర్, హోటళ్ల పెద్దమనుషులు. గోడ మీద ఉన్నది ఉన్నట్టే చదివాను. ఇద్దరి నవ్వూ ఆగిపోయింది.

"ఎవరికే స్వాగతం?" అంది అమ్మమ్మ. "విమానం దిగేలోపు ఏరకపోతే మేస్త్రీ అమ్మనాబూతులు తిట్టేవాడు. నడుం ఎత్తితే తిట్టు. దీనికా నిన్ను చదివించింది? నువ్వే రాశావా ఇది?"

"కాదమ్మమ్మా."

"మరి నువ్వు రాసిందేదో చదువు."

అది నాకు నోటికొచ్చు. గోడకు వీపు పెట్టి అందరికీ వినపడేలా మొదలుపెట్టాను. పెద్దమనుషులు తలలు తిప్పారు. మేనేజర్ మొహం మాడిపోయింది.

"ఏమ్మా, ఉద్యోగం చెయ్యాలని లేదా?" అంటూ మీదికొచ్చాడు.

అమ్మమ్మ ఆయనకు అడ్డంగా నిలబడింది.

"ఉండు నాయనా, పిల్ల చదువుతోంది."

నేను గొంతు పెంచాను.